మార్పులు చేసిన పాత పిస్టల్: కాల్చడానికా, దాచడానికా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత పిస్టల్ కొనాలనుకునేవారి సందేహాలు ఎక్కడ మొదలైనా చివరికి ఒక్కచోటికే చేరతాయి: ఎవరో దీన్ని మార్చారు, ఇప్పుడిది దేనికి పనికొస్తుంది? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మార్చిన పిస్టల్‌ను కాల్చండి, మార్చనిదాన్ని అలాగే దాచండి. మినహాయింపులు లేకపోలేదు. కింది ప్రశ్నల్లో సగం వాటి గురించే. ఉదాహరణలు ఎక్కువగా కోల్ట్ 1911 తరహా పిస్టల్ నుంచి తీసుకున్నాను, ఎందుకంటే ఆకురాయి దెబ్బలు దానికి తగిలినన్ని మరే పిస్టల్‌కూ తగిలి ఉండవు.

మార్పులు చేసిన పిస్టల్ అని దేన్ని అంటారు?

కర్మాగారం నుంచి బయటికి వచ్చిన రూపంలో లేని ప్రతిదీ ఆ లెక్కలోకే వస్తుంది. అయితే అన్ని మార్పులూ ఒక్కటి కావు. పిడికి రెండువైపులా బిగించే చెక్క పలకలు, స్ప్రింగులు, ట్రిగ్గర్, హ్యామర్ (తూటాను పేల్చే సుత్తిలాంటి భాగం) వంటివి మార్చినా మళ్లీ పాతవి పెట్టుకోవచ్చు. లోహాన్ని కోసినా, రంధ్రం వేసినా, వెల్డింగ్ చేసినా, పాలిష్ పట్టి కొత్త పూత వేసినా ఇక వెనక్కి తీసుకోలేం. పిస్టల్ చేతికి రాగానే ఈ రెండు రకాల్లో ఏవి ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి. మొదటి రకం మాత్రమే ఉంటే అది సేకరణకు తిరిగి రాగల పిస్టల్. రెండో రకం ఒక్కటున్నా అది కాల్చుకునే పిస్టల్.

ఇంత మంచి పిస్టళ్లను అప్పట్లో ఎందుకు పాడుచేశారు?

పాడుచేయాలని ఎవరూ చేయలేదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. 1985లో బెరెట్టా ఎం9ను ఎంచుకునేదాకా అదే సైన్యం ప్రధాన పిస్టల్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అవి కుప్పలుతెప్పలుగా మిగిలాయి, చవకగా దొరికేవి. బురదలోనూ ఇసుకలోనూ ఆగకుండా పనిచేయాలి కాబట్టి స్లైడ్‌ను (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకూ జారే పైభాగాన్ని) కొంత వదులుగానే చేసేవారు. సైట్లు (గురి చూసే గుర్తులు) చిన్నవి, ట్రిగ్గర్ బరువైనది. కాగితపు లక్ష్యం మీద నల్లచుక్కకు గురిపెట్టే పోటీ షూటర్లకు ఇవేవీ సరిపోలేదు. అందుకని స్లైడ్ కూర్చునే పట్టాలను సుత్తితో అదిమి బిగువు తెచ్చారు, బారెల్ మూతి దగ్గర బిగుతైన బుషింగ్ (బారెల్‌ను పట్టి ఉంచే ఉంగరం) పెట్టారు, పైన సర్దుబాటు చేసుకోగల సైటు అమర్చారు.

1976లో ఐపీఎస్‌సీ అనే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఏర్పడ్డాక కదులుతూ వేగంగా కాల్చే పోటీలు పెరిగాయి. దాంతో పెద్ద సేఫ్టీ మీటలు, చేతికి హ్యామర్ కరవకుండా వెనక్కి సాగిన గ్రిప్ సేఫ్టీలు (పిడిని గట్టిగా పట్టుకుంటేనే పేలనిచ్చే మీటలు), మ్యాగజైన్ తేలికగా దూరేలా వెడల్పు చేసిన పిడి అడుగులు వచ్చాయి. ఇప్పుడివన్నీ కొత్త పిస్టల్‌తో పెట్టెలోనే వస్తున్నాయి. ఆ రోజుల్లో గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) దగ్గర చేయించుకోవడం తప్ప దారి లేదు. వాళ్ల కళ్లకు అది చారిత్రక వస్తువు కాదు, మిగులు సరుకు.

ఒకే పిస్టల్‌ను కాల్చుకుంటూ సేకరణలోనూ ఉంచుకోవచ్చా?

ఉంచుకోవచ్చు. కానీ రెండు పనుల్లో ఏదో ఒకటి దెబ్బతింటుంది. జర్మన్ లూగర్ పీ08 సంగతే చూడండి. దాని చిన్నచిన్న భాగాల మీద కూడా సీరియల్ నంబరు చివరి అంకెలు కొట్టి ఉంటాయి. అన్ని అంకెలూ సరిపోయిన లూగర్‌కు ఒక ధర, ఒక్క భాగం సరిపోకపోయినా మరో ధర. అలాంటిదాన్ని రేంజికి తీసుకెళ్లి, నంబరున్న ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) ఒకటి విరిగితే, పోయింది చిన్న ఉక్కు ముక్క మాత్రమే కాదు. అదే నంబర్లు కలవని లూగర్, ఎప్పుడో మళ్లీ పూత వేసిన లూగర్ అయితే నిశ్చింతగా కాల్చుకోవచ్చు. విరిగితే ఇంకోటి వేసుకుంటారు. తుపాకి అదే, ఆ మోకాలు మడిచినట్టు లేచే యంత్రాంగమూ అదే. కాల్చే ఆనందంలో రవ్వంత తేడా ఉండదు.

మార్చడం వల్ల విలువ ఎంత తగ్గుతుంది?

అంకె చెప్పమంటే చెప్పను. పిస్టల్‌ను బట్టి, కొనేవాడిని బట్టి మారుతుంది. దిశ మాత్రం చెప్పగలను. సాధారణ పిస్టల్‌కు చేసిన మార్పుల వల్ల ఆ మార్పులకు పెట్టిన డబ్బు కూడా తిరిగి రాదు. అమ్మేవారు పిస్టల్ ధర, సైట్ల ధర, గన్‌స్మిత్ కూలి అన్నీ కలిపి చెబుతారు. ఆ కూడిక అమ్మేవారిది, మీది కాదు. కాల్చుకునేవారికి ఇదే అదృష్టం: ఒకరు ఎంతో ఖర్చుపెట్టి చేయించుకున్న మంచి పని మీ చేతికి సగానికి సగం తక్కువలో వచ్చే సందర్భాలుంటాయి.

అరుదైనవాటి లెక్క వేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1911ఏ1 (1911కు మెరుగుపరచిన రూపం) పిస్టళ్లను కోల్ట్‌తో పాటు రెమింగ్టన్ ర్యాండ్, ఇథాకా, యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కూడా తయారుచేశాయి. కుట్టుమిషన్ల సింగర్ కంపెనీ చేసినవి 500 మాత్రమే. అలాంటి పిస్టల్ ఎంత పాడైన స్థితిలో కనిపించినా కాల్చడానికి కొనవద్దు. ముందు తెలిసినవారికి చూపించండి. అది నకిలీ కావచ్చునన్న అనుమానం కూడా వెంటే ఉంచుకోండి, అంత అరుదైన పేరును సాధారణ స్లైడ్ మీద కొట్టాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది.

మార్పుల వల్లే విలువ పెరిగే పిస్టళ్లు ఉంటాయా?

ఉంటాయి. పేరున్న పనివాడి చేతిలో పడ్డ పిస్టల్ తనంతట తానే సేకరణ వస్తువు అవుతుంది. ఆర్మండ్ స్వెన్సన్, జిమ్ క్లార్క్ సీనియర్, ఫ్రాంక్ పాక్‌మేయర్ వంటివారి పనిని వెతికి మరీ కొనేవారున్నారు. అక్కడ ఆకురాయి పడ్డ చోటే చూడవలసిన చోటు. అయితే "ఇది ఫలానావారి పనే" అన్న మాటకు ధర కట్టకండి. రసీదు, ఉత్తరం, పనివాడి ముద్ర, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఏదీ లేకపోతే అది బాగా పనిచేసిన అనామక పిస్టల్. అలాగే కొనండి, అంతే ఇవ్వండి.

సైనిక ఆయుధశాలలో మరమ్మతు అయిన పిస్టల్ కూడా మార్చినట్టేనా?

దీని మీద వాదనలు తెగవు. అమెరికా సైన్యం తన పిస్టళ్లను ఆయుధశాలల్లో విప్పి, అరిగిన భాగాలు తీసేసి, గంపలోంచి ఏ కంపెనీ భాగం దొరికితే అది వేసి, బూడిదరంగు ఫాస్ఫేట్ పూత పూసి మళ్లీ సైనికులకు ఇచ్చేది. రాక్ ఐలాండ్ ఆయుధశాలలో అయినవాటి మీద ఆర్‌ఐఏ అన్న అక్షరాలు కనిపిస్తాయి. కోల్ట్ ఫ్రేము (పిడి ఉన్న కిందిభాగం) మీద రెమింగ్టన్ ర్యాండ్ స్లైడ్ ఉండటం తప్పు కాదు, అది ఆ పిస్టల్ సైనిక సేవలో గడిపిన జీవితంలో ఒక భాగం. నా దృష్టిలో ఇవి సేకరణకూ కాల్చడానికీ మధ్యలో నిలబడే అరుదైన తరగతి. మితంగా కాల్చండి, కొత్తగా ఏమీ కోయవద్దు.

మళ్లీ పూత వేశారని ఎలా పసిగట్టాలి?

వెలుతురు ఏటవాలుగా పడేలా పిస్టల్‌ను పట్టుకుని, ముందు అక్షరాలు చూడండి. అచ్చు ముద్ర కొట్టినప్పుడు లోహం అంచుల్లో కొద్దిగా పైకి లేస్తుంది. పాత సైనిక పిస్టళ్ల మీద గోటితో మెల్లగా రాస్తే ఆ అంచు తగులుతుంది. పాలిష్ చక్రం తిరిగాక అక్షరాలు లోతు తగ్గి, అలల్లో కొట్టుకుపోయినట్టు మెత్తబడతాయి. తరువాత పిన్నులు, స్క్రూలు ఉన్న రంధ్రాల చుట్టూ చూడండి. మెత్తని పాలిష్ గుడ్డ ఆ అంచును లోపలికి తినేస్తుంది, రంధ్రం చుట్టూ పళ్లెంలా చిన్న గుంట ఏర్పడుతుంది. స్లైడ్ పైఅంచులు కత్తిలా నిటారుగా ఉండవలసింది గుండ్రబడి ఉంటుంది. నీలిపూత కింద తుప్పు తిన్న గుంటలు మెరుస్తుంటే ఇక సందేహమే అక్కరలేదు: గుంటలు ముందు వచ్చాయి, పూత తరువాత వచ్చింది.

పాత లూగర్లలో ట్రిగ్గర్, సేఫ్టీ మీట వంటి కొన్ని చిన్న భాగాలు ఎండుగడ్డి పసుపురంగులో ఉంటాయి. ఆ రంగు ఉక్కును వేడిచేసినప్పుడు వచ్చేది. అంతా ఒకే నల్లని నీలంలో మెరిసే 1910ల నాటి లూగర్ కనిపిస్తే ఎవరో మొత్తం విప్పి తొట్టెలో ముంచారన్నమాట.

ఒక హెచ్చరిక. పాలిష్ వల్ల సీరియల్ నంబరు చదవలేనంతగా అరిగిపోయిన పిస్టల్‌ను ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. మీరు చేయని పనికి మీరు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

కొనేముందు ఏమేమి పరీక్షించాలి?

అన్నిటికంటే ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్‌ను (తూటా కూర్చునే గదిని) కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోండి. అమ్మేవారు మీ ముందే చూశానన్నా మీరూ చూడండి. దీనికి ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకునేవారి దగ్గర కొనకండి.

1911 తరహా పిస్టల్ అయితే ఖాళీ చాంబర్‌తో హ్యామర్ ఎక్కించి సేఫ్టీ పైకి వేయండి. ట్రిగ్గర్‌ను గట్టిగా నొక్కి వదలండి. ఇప్పుడు సేఫ్టీ దించండి. హ్యామర్ కదలకూడదు. కదలకపోయినా పని పూర్తికాలేదు: పిస్టల్‌ను చెవి దగ్గరికి తెచ్చి హ్యామర్‌ను బొటనవేలితో కాస్త వెనక్కి లాగండి. టిక్ అని సన్నని చప్పుడు వినిపిస్తే, ట్రిగ్గర్ నొక్కినప్పుడు సియర్ (హ్యామర్‌ను పట్టి ఆపే భాగం) కొద్దిగా జారిందనీ ఇప్పుడు తిరిగి తన చోటికి వచ్చిందనీ అర్థం. సేఫ్టీ సరిగా కూర్చోలేదు. రెండువైపులా మీటలుండే సేఫ్టీని కొని తెచ్చి ఇంట్లోనే బిగించుకున్న పిస్టళ్లలో ఈ చప్పుడు తరచుగా వినిపిస్తుంది.

గ్రిప్ సేఫ్టీని నొక్కకుండా పిడి పట్టుకుని ట్రిగ్గర్ లాగండి, హ్యామర్ పడకూడదు. కొందరు పోటీ షూటర్లు దాన్ని కావాలనే పనిచేయకుండా కట్టేసేవారు. స్లైడ్‌ను కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి లాగి పట్టుకుని ట్రిగ్గర్ నొక్కినా హ్యామర్ పడకూడదు. పడితే డిస్కనెక్టర్ (స్లైడ్ మూసుకునేదాకా ట్రిగ్గర్‌ను పనిచేయనివ్వని భాగం) పని అయిపోయినట్టే, స్లైడ్ పూర్తిగా మూసుకోకుండానే పేలే ప్రమాదం ఉంది.

తరువాత పగుళ్లు. ఖాళీ తూటా గొట్టం బయటికి ఎగిరే కిటికీ మూలలు, స్లైడ్ ముందుభాగం, బారెల్ మీద స్లైడ్‌తో తాళం పడే మిట్టలు, వీటిని భూతద్దంతో చూడండి. ఫ్రేములో స్లైడ్‌స్టాప్ (స్లైడ్‌ను వెనక ఆపి ఉంచే మీట) రంధ్రానికి సరిగ్గా పైన పట్టా సన్నబడే చోట పగులు కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. అక్కడ లోహానికి పెద్ద భారం పడదు. తరువాతి కాలంలో తయారీదారులు ఆ ముక్కను పూర్తిగా తీసేశారు కూడా. మిగతా ఏ చోట పగులున్నా పిస్టల్ అక్కడే వదిలేయండి. పాత స్లైడ్ల ఉక్కు నేటి ఉక్కంత గట్టిగా ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటివాటి విషయంలో ఇది మరీ ముఖ్యం.

స్లైడ్‌ను పట్టుకుని ఊపితే గలగలమంటోందా? దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. గురి ప్రధానంగా బారెల్ స్లైడ్‌లో ప్రతిసారీ ఒకేచోట కూర్చోవడం మీద ఆధారపడుతుంది. స్లైడ్ మూసి, కిటికీలోంచి కనిపించే బారెల్ వెనకభాగాన్ని బొటనవేలితో కిందికి నొక్కండి. అది దిగకుండా ఉంటే గలగల ఉన్నా గుళ్లు దగ్గరదగ్గరగా పడే అవకాశం ఎక్కువ.

స్లైడ్‌స్టాప్ కింద ఫ్రేము మీద అర్ధచంద్రాకారంలో గీత ఉందా? తిరిగి బిగించేటప్పుడు తొందరపడ్డ చేతి గుర్తు అది. పనితీరుకు హాని లేదు. కానీ ఆ చేయి ఇంకేం చేసి ఉంటుందో చూడాలన్న సూచన మాత్రం అందులో ఉంది.

ట్రిగ్గర్ చాలా తేలికగా ఉంది. మంచిదే కదా?

తేలికగా ఉండటం మంచిదే, తేలికగా చేసిన పద్ధతి మంచిదయితే. హ్యామర్ గాడిని, సియర్ అంచును సరైన కోణంలో నునుపు చేసిన పని ఏళ్ల తరబడి నిలుస్తుంది. గాడి ఎత్తు తగ్గించి, సియర్ స్ప్రింగు ఆకులను వంచి తెచ్చిన తేలికదనం అరుగుదలతో ప్రమాదంగా మారుతుంది. స్లైడ్ ముందుకు కొట్టుకున్నప్పుడు హ్యామర్ దానితో పాటే కిందికి వచ్చేస్తుంటే, ఒక్కసారి నొక్కితే రెండు మూడు గుళ్లు పోయే స్థితికి చేరువైనట్టు. అలాంటిదాన్ని కాల్చి చూడవద్దు. హ్యామర్, సియర్, డిస్కనెక్టర్ మూడూ కొత్తవి వేయించాలి. ఆ ఖర్చును బేరంలో ముందే తగ్గించి అడగండి.

బ్రౌనింగ్ హై పవర్‌లో మరో రకం మార్పు కనిపిస్తుంది. 1935 నాటి ఆ నమూనాలో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఒక భాగం ఉంటుంది. దాన్ని తీసేస్తే ట్రిగ్గర్ మెత్తబడుతుంది, చాలామంది తీసేశారు కూడా. తీసేశారో లేదో తెలుసుకోకుండా ఆ పిస్టల్‌ను ఇంట్లో పెట్టుకోవద్దు. మ్యాగజైన్ లేదు కదా, పేలదు అనుకునే అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. అదే విధంగా కోల్ట్ సిరీస్ 80 పిస్టళ్లలో ఫైరింగ్ పిన్‌ను (తూటాను కొట్టే సూదిని) అడ్డుకునే చిన్న భాగాలుంటాయి. ఎవరైనా పీకేసి ఉంటే తిరిగి పెట్టించండి.

వేరే తూటాకు మార్చిన పాత రివాల్వర్ దొరుకుతోంది. తీసుకోవచ్చా?

పిస్టల్ కాకపోయినా ఈ ప్రశ్న వదలడం లేదు కాబట్టి చెబుతాను. బ్రిటిష్ వెబ్లీ మార్క్ 6 రివాల్వర్లు .455 తూటాకు చేసినవి. ఆ తూటాలు దొరకడం కష్టమయ్యాక చాలావాటి సిలిండర్ వెనకభాగాన్ని చెక్కి, అర్ధచంద్ర క్లిప్పులతో .45 ఏసీపీ (కోల్ట్ 1911 వాడే తూటా) పట్టేలా చేశారు. దూరుతుంది, పేలుతుంది కూడా. కానీ .45 ఏసీపీ గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు. ఆ రివాల్వర్ తట్టుకోవడానికి చేసిన పీడనం అంతకంటే చాలా తక్కువ. కర్మాగారం తూటాలతో సిలిండర్లు పగిలిన సంఘటనలున్నాయి. చెక్కిన వెబ్లీని కాల్చాలంటే .455 స్థాయికి తగ్గించి, తెలిసినవారు నింపిన తూటాలే వాడాలి. అంత ఓపిక లేకపోతే గోడకు తగిలించండి.

ఐరోపాలోని చాలా దేశాల్లో తుపాకులకు అధికారిక పీడన పరీక్ష చేసి బారెల్ మీద ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్‌లోని పరీక్షశాల 1813 నుంచీ ఈ పనిలోనే ఉంది. బారెల్ లేదా తూటా రకం మార్చాక ఆ పాత ముద్ర మీకు ఏ హామీ ఇవ్వదు.

ఏ తూటాలు వాడాలి?

పిస్టల్‌ను ఏ పనికి మార్చారో దానికి తగినవి. నల్లచుక్క పోటీలకు సిద్ధంచేసిన 1911లో 185 లేదా 200 గ్రెయిన్ల (గుండు బరువు కొలిచే చిన్న తూకం) చదునుమూతి సీసపు గుళ్ల తూటాలు, తక్కువ మందుతో వాడేవారు. ఆ తక్కువ శక్తికి స్లైడ్ కదలాలని తేలికపాటి రికాయిల్ స్ప్రింగు (వెనక్కి వెళ్లిన స్లైడ్‌ను ముందుకు తోసేది) పెట్టేవారు. అలాంటిదాంట్లో 230 గ్రెయిన్ల పూర్తిశక్తి తూటాలు కాలిస్తే స్లైడ్ ప్రతిసారీ ఫ్రేమును సుత్తిలా కొడుతుంది. కొన్న వెంటనే స్ప్రింగు బయటికి తీసి చూడండి. అయిదంగుళాల బారెల్ ఉన్న .45కు మామూలు స్ప్రింగు 16 పౌండ్లది. అందులో ఏముందో తెలియకపోతే కొత్తది వేసేయండి, స్ప్రింగు కంటే చవకైన బీమా లేదు.

అధికపీడన తూటాలు పాత పిస్టల్‌లో వద్దు. మరో మాట చెప్పకుండా ఇక్కడితో ఆపుతాను.

మొదటిసారి కాల్చేటప్పుడు జాగ్రత్తలేమిటి?

ముందు గన్‌స్మిత్‌కు చూపించండి. తరువాత కళ్లద్దాలు, చెవులకు రక్షణ పెట్టుకుని మ్యాగజైన్‌లో ఒక్క తూటాతో మొదలుపెట్టండి. తరువాత రెండు. రెండు తూటాలతో సరిగ్గా రెండుసార్లే పేలుతోందని రూఢి అయ్యాకే మ్యాగజైన్ నింపండి.

పేలిన గొట్టాలను ఏరి వరుసగా పెట్టి చూడండి. అడుగున ఒక పక్క ఉబ్బి ఉంటే, తూటా సులువుగా ఎక్కాలని బారెల్ వాలును అతిగా చెక్కేశారన్నమాట. అక్కడ గొట్టానికి వెనక ఆసరా లేదు, ఏదో ఒక రోజు చీలుతుంది. మందుబిళ్ల (గొట్టం అడుగున దెబ్బకు పేలే చిన్న బిళ్ల) మీద ఫైరింగ్ పిన్ గుర్తు మధ్యలో, గుండ్రంగా ఉండాలి. ఎవరో ఎన్నేళ్ల కిందటో చేసిన పని మంచిచెడ్డలు మనకు చెప్పే సాక్షి ఆ ఇత్తడి గొట్టమే. దాన్ని ఊడ్చి పారేసేవారిని చూస్తే నాకు జాలేస్తుంది.

ఆగిపోతోంది, తూటా సరిగా ఎక్కడం లేదు. పిస్టల్ పాడైందా?

ముందు మ్యాగజైన్ మార్చి చూడండి. చాలాసార్లు సమస్య అక్కడే ఉంటుంది. పెదవులు వంగిన పాత మ్యాగజైన్లను వెంటనే పక్కన పెట్టండి. వాటి మీద అసలు ముద్రలుంటే పారేయవద్దు, సేకరించేవారికి అవి కావాలి. మ్యాగజైన్ మార్చినా తీరు మారకపోతే ఎక్స్‌ట్రాక్టర్ బిగువు చూపించండి. సిరీస్ 70 కోల్ట్‌లో వేళ్లలాంటి చీలికలున్న బుషింగ్ ఉంటే దాన్నీ చూపించండి. ఆ వేళ్లు విరిగిన ఉదంతాలున్నాయి. మామూలు గట్టి బుషింగ్ వేయించి, అసలుదాన్ని పొట్లం కట్టి దాచుకోండి.

స్ప్రింగులు ఎన్నాళ్లకు మార్చాలి?

రికాయిల్ స్ప్రింగు కొన్ని వేల గుళ్లకు ఒకసారి. ఖాళీ గొట్టాలు మునుపటి కంటే దూరంగా ఎగిరి పడుతుంటే లెక్క చూడకుండానే మార్చండి. దానితో పాటు ఫైరింగ్ పిన్ స్ప్రింగు కూడా మార్చడం అలవాటు చేసుకుంటే మంచిది. అల్యూమినియం ఫ్రేమున్న పిస్టళ్లకు ఇంకాస్త ముందే.

మార్పులన్నీ తీసేసి అసలు రూపానికి తేవచ్చా?

తీసిపెట్టిన పాత భాగాలు పిస్టల్‌తో పాటే వస్తే తప్పకుండా. అమ్మేవారిని "పాత భాగాల సంచి ఏమైనా ఉందా?" అని అడగడం మరచిపోకండి. చాలా ఇళ్లలో అవి ఏదో సొరుగులో పడి ఉంటాయి, అడిగితే ఉత్తినే ఇచ్చేస్తారు. కొన్నిసార్లు పిస్టల్ కంటే ఆ సంచే మేలైన బేరం.

కోసిన లోహాన్ని వెల్డింగ్‌తో పూడ్చి, ముద్రలు మళ్లీ కొట్టించి, కొత్త పూత వేయించడం మాత్రం వేరే సంగతి. చూడముచ్చటగా ఉంటుంది, అందులో తప్పు లేదు. కానీ పునరుద్ధరించిన పిస్టల్‌ను అసలుదని అమ్మితే మోసం. ఖర్చు చూసినా, కొద్దిగా అరిగిన నిజమైన పిస్టల్ కొనడానికయ్యేదానికంటే తరచుగా ఎక్కువే అవుతుంది. అరుగుదల అసహ్యం కాదన్న సంగతి ఒంటబట్టడానికి సేకరించేవారికి కొంతకాలం పడుతుంది.

నా దగ్గర ఏ మార్పూ లేని పాత పిస్టల్ ఉంది. సైట్లు కనిపించడం లేదు, మార్పించవచ్చా?

వద్దు. కొత్త తయారీ పిస్టల్ మంచి సైట్లతో దొరుకుతుంది, అది కొనుక్కోండి. పాతదాన్ని అలాగే ఉంచండి.

కాల్చే పిస్టల్‌ను ఎలా శుభ్రం చేయాలి?

కాల్చిన రోజే విప్పి తుడవండి. బారెల్‌లో కంచు బ్రష్షు, ద్రావకం, తరువాత పొడిగుడ్డ, చివర్లో పలుచని నూనె. సీసపు గుళ్లు వాడితే చాంబర్ ముందు అంచు దగ్గర బూడిదరంగు పేరుకుంటుంది, దాన్ని వదలకండి. నూనె ఎక్కువైతే మేలు కాదు, మసినీ ధూళినీ పట్టి ముద్ద చేస్తుంది. పట్టాల మీద ఒక్కో చుక్క చాలు. పలకల స్క్రూలు వదులయ్యాయేమో చూడండి.

నికెల్ పూత ఉన్నవాటికి ఒక మినహాయింపు. అమ్మోనియా ఉన్న రాగి ద్రావకాలు వాడవద్దు. నికెల్ కింద రాగి పొర ఉన్నచోట, పూత లేచిన సందులోంచి ద్రావకం దూరి ఆ పొరను తినేస్తుంది. పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

పాత సైనిక తూటాలు దొరికాయి. వాడవచ్చా?

వాడకపోవడమే మంచిది, వాడితే నీళ్లు సిద్ధంగా పెట్టుకోండి. పాత సైనిక తూటాల మందుబిళ్లల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మారి బారెల్‌లో మిగులుతుంది. అది ఒకరకం ఉప్పే. గాలిలోని తేమను లాక్కుంటుంది, రాత్రికి రాత్రే ఎర్రని తుప్పు లేపుతుంది. నూనె దాన్ని కరిగించలేదు, మీద కప్పుతుంది అంతే. వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాయాలి. ఉక్కును నీళ్లతో కడగడమా అని వెనకాడేవారి బారెళ్లే లోపల గుంటలు పడి కనిపిస్తాయి.

సేకరణలోని పిస్టల్‌ను ఎలా దాచాలి?

తోలు ఒరలో మాత్రం దాచవద్దు. అసలు ఒర దొరికిందని మురిసిపోయి అందులోనే పెట్టేస్తారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును పదును చేసిన ఆమ్లాలు లోహాన్ని తాకుతూ ఉంటాయి. ఒర ఆకారంలోనే తుప్పు పట్టిన స్లైడ్లు చూస్తే గుండె చివుక్కుమంటుంది. ఫోమ్ పరిచిన పెట్టెలదీ అదే గుణం. ఒరను పక్కన విడిగా ఉంచండి.

గాలిలో తేమ 50 శాతం దాటని చోటు, మధ్యమధ్య ఆరబెట్టుకునే సిలికా జెల్, పలుచని నూనె లేదా మైక్రోక్రిస్టలైన్ మైనం, ఇవి చాలు. బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన రెనెసాన్స్ వ్యాక్స్‌ను తుపాకులకు వాడేవారు చాలామంది. ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. చెమటలో ఉప్పుంటుంది, వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది. ఏడాదికోసారి చెక్క పలకలు విప్పి వాటి కింద చూడండి. పైన అద్దంలా మెరిసే పిస్టల్‌కు ఆ పలకల కింద గరుకు తుప్పు ఉండటం అరుదు కాదు. విప్పేటప్పుడు స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే మొన ఉన్న స్క్రూడ్రైవరే వాడాలి. చెక్కకు నూనె తగలనివ్వకండి, నల్లబడి మెత్తబడుతుంది.

తుప్పు చుక్క కనిపిస్తే ఉక్కు పీచుతో గీకేయకండి. నూనె వేసి నానబెట్టి, మెత్తని గుడ్డతో ఓపికగా తుడవండి. ఒక్కరోజులో పోదు.

కాగితాల సంగతి?

లైసెన్సు, నమోదు, బదిలీ నిబంధనలు దేశానికో తీరు. కొనేముందే మీ చట్టం చూసుకోండి. మార్చిన పిస్టల్ విషయంలో అదనంగా మరొకటి చూడాలి: బారెల్ పొడవు, తూటా రకం, భుజానికి ఆనించే పిడి, మ్యాగజైన్ సామర్థ్యం వంటివి మారితే కొన్ని చోట్ల ఆయుధం తరగతే మారిపోతుంది. అసలు రూపంలో పురాతన వస్తువుగా సడలింపు పొందిన పిస్టల్‌కు, మార్చాక ఆ సడలింపు వర్తించకపోవచ్చు. లైసెన్సులో రాసిన తూటా రకం, బారెల్ మీదున్న తూటా రకం ఒకటేనా అని సంతకం పెట్టకముందే సరిపోల్చండి.

చరిత్ర తెలుసుకోవాలంటే కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ పిస్టళ్లకు రుసుము కడితే పాత దస్త్రాలు చూసి ఉత్తరం ఇచ్చే ఏర్పాటు ఉంది. ఏ రోజు, ఏ పూతతో, ఎవరికి పంపారో అందులో ఉంటుంది. నీలిపూతతో పంపినట్టు ఉత్తరంలో ఉండి మీ చేతిలోది నికెల్‌తో మెరుస్తుంటే, చర్చ అక్కడితో ముగిసినట్టే.

ఇంట్లో పెద్దవారి నుంచి వచ్చిన పిస్టల్ ఇది. పోటీల కోసం ఆయనే మార్పించారు. మార్కెట్లో విలువ లేదంటున్నారు, ఏం చేయమంటారు?

ఉంచుకోండి. ఆయన సేకరించేవారి కోసం మార్పించలేదు, తన చేతికి సరిపోవాలని మార్పించారు. పూత వేయించవద్దు, పిడి మీద అరిగిన గళ్లు మళ్లీ కోయించవద్దు. ఆయన పోటీ కార్డులు, గన్‌స్మిత్ రసీదులు, ఫొటోలు ఉంటే పిస్టల్‌తో కలిపి ఒకేచోట పెట్టండి. కాగితం మీద ఇది ఎవరిది, ఎప్పుడు, ఎవరి చేత ఏం చేయించారు అని రాసి జతచేయండి. మీ పేరు మీదికి చట్టబద్ధంగా మార్పించుకున్నాక, స్ప్రింగులు కొత్తవి వేయించి, ఆయన వాడిన తక్కువశక్తి తూటాలే వెతికి తెచ్చి కాల్చండి. అది ఆ తూటాలకే సిద్ధంచేసిన పిస్టల్.